మా మేనత్త కుళాయి వార్తలు

నా జీవితంలో నేను చేసిన పెద్ద నేరం ఏదంటే, డెబ్బైల చివర్లో మల్కాపురం వెనక కొండవాలులో నాలుగు వీధులకి సొంతంగా రేడియో స్టేషన్ పెట్టడం. లైసెన్సు లేదు. ఆ రోజుల్లో రేడియో వినడానికే పోస్టాఫీసులో పుస్తకం తీసుకుని ఏటేటా స్టాంపు అంటించుకోవాలి. ఇక మాట్లాడే రేడియో అంటే ఎవరిస్తారు? అడిగితే ఎలాగూ ఇవ్వరు కాబట్టి నేను అడగలేదు. పక్కనే పోర్టు, ఆ పక్కనే నేవీ. మా మాటలు పొరపాటున ఏ యుద్ధనౌక చెవినైనా పడ్డాయంటే నన్ను గూఢచారి కింద జమకట్టి పట్టుకుపోతారని మా బావ రోజుకోసారి గుర్తుచేసేవాడు. బావ అంటే చుట్టం కాదు, పోర్టు వర్క్‌షాపులో నాతోపాటు పనిచేసేవాడు. మా వైపు మగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోవడానికి అంతకంటే పెద్ద చుట్టరికం అక్కర్లేదు.

నేను అక్కడ వైర్‌మన్‌ని. ఇంట్లో ఫ్యూజు పోతే మూడు రోజులు పట్టించుకోనుగానీ, ఎవరూ అడగని పని ఉంటే మాత్రం తిండి మానేసి చేస్తాను. రెండు ట్రాన్సిస్టర్లు, పాడైన రేడియోలోంచి ఊడదీసిన, స్టేషన్లు తిప్పే గ్యాంగు, వెదురు గొట్టం మీద నేనే చుట్టిన కాయిలు, నాలుగు టార్చి సెల్లులు, ఇదీ నా మిషను. మైకు మాత్రం దర్జాగా ఉండేది. ఎప్పుడో తుక్కు కింద పోయిన ఓడ టెలిఫోన్‌లోది, పాత సామాన్ల కొట్లో దొరికింది. ఏరియల్ ఏమిటంటే పెరట్లో బట్టలారేసే తీగ. మా అమ్మ ఇనప తీగ కట్టించమంటే రాగి తీగ కట్టాను. కొడుకు ఎంత మంచోడో అని ఆవిడ పక్కింటివాళ్ళకి చెప్పుకుంది. తడి చీరలు ఆరేస్తే మాత్రం మా గొంతు రెండో వీధికి కూడా అందేది కాదు.

ఒక మిషను రెండు వీధులు దాటదు. అందుకని కొండకి అవతలి వాలులో ఉండే బావ ఇంట్లో ఇంకోటి పెట్టాను. వాడు తన రేడియోలో మా మాటలు పట్టి, ఆ రేడియో ముందు రెండో మిషను మైకు పెట్టేవాడు. అలా అవతలి వాలంతా వినబడేది. ఇబ్బంది ఏమిటంటే ఆ రేడియో పక్కనే కోళ్ళగంప ఉండేది, ఆ పక్కనే వంటగది. అవతలివాళ్ళు మా మాటలతోపాటు బావ కోళ్ళనీ, బావకీ వాళ్ళావిడకీ రోజూ జరిగే వాదననీ కూడా వినేవాళ్ళు. కొత్త చొక్కా ఎందుకు కొన్నావని ఆవిడ వాణ్ణి నిలదీసిన సంగతి నాలుగో వీధి దాకా పాకిపోయింది. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. మూడో మిషను పైవీధి దర్జీ కొట్లో. అక్కడ కుట్టుమిషను మోత అదనం.

ఇంత కష్టపడి స్టేషన్ పెట్టాక తెలిసింది, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు మైకు పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాణ్ణి. పదిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాణ్ణి. వారం రోజులు అదే కార్యక్రమం. మిషను వెనకగదిలో పెట్టాను, ఎందుకంటే బయటివాళ్ళెవరూ రాని గది అదొక్కటే. అందులో పొద్దున్న అయిదున్నర నుంచి ఆరున్నర దాకా మా మేనత్త ఉండేది.

ఎందుకుండేదో చెప్పాలి. మా మేనత్త పద్మనాభం ఊరి దగ్గర పల్లెలో కాపురం చేస్తుండగా మొగుడు జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. ఇరవై దాటకుండానే బొట్టూ గాజులూ తీసేసి మా ఇంటికొచ్చేసింది. పక్కింట్లో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఫోర్‌మన్ కుటుంబం ఉండేది. చాలా మర్యాదస్తుడు, చీమకి కూడా అండీ అని చెప్పే రకం. ఆయన గాజువాక వైపు ఫ్యాక్టరీలో డ్యూటీకి ఆరుంబావు బస్సెక్కాలి. గుమ్మం దాటగానే మా అత్త ఎదురైతే వెనక్కి తిరిగేవాడు. లోపలికెళ్ళి, కాసేపు కూచుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాడు. రెండుసార్లు అలాగే బస్సు తప్పిపోయింది. అప్పుడు ఆయన భార్య మా అమ్మ దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకండి వదినగారూ, ఆయన డ్యూటీకి వెళ్ళేదాకా మీ ఆడపడుచుని కాస్త లోపల ఉండమనండి" అంది. మా అమ్మ ఏమీ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. అత్త లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. అలా ఏడేళ్ళు. వీధిలో మిగతావాళ్ళకి కూడా అది వీలుగానే కుదిరింది.

మా వీధికి మునిసిపాలిటీ కుళాయి నీళ్ళొచ్చేదీ ఆ గంటలోనే. వస్తే. ఏ రోజు ఏ వీధికి వదులుతారో ఎవరికీ తెలిసేది కాదు. ఆడవాళ్ళు బిందెలేసుకుని నాలుగు కుళాయిల చుట్టూ తిరిగి తిరిగి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవాళ్ళు. తెలిసింది ఒక్క మా అత్తకే. వాల్వు తిప్పే మనిషి మా వెనకగది కిటికీ పక్కనుంచే వెళ్ళేవాడు. "ఇయాల ఏ ఈదికి బాబూ?" అని ఆవిడ అడిగేది, అతను చెప్పేవాడు. చెప్పాక ఆ కబురు ఎవరికి అందించాలో ఆవిడకి తోచేది కాదు.

ఒకరోజు నేను ఏడు, ఎనిమిది అంటుంటే అత్త బియ్యంలో రాళ్ళేరడం ఆపి, "ఒరే అల్లుడూ, నువ్వు ఎక్కాలు సదువుతంటే ఎవుడింటాడ్రా? ఇలాతే" అని మైకు లాక్కుంది. లాక్కున్న వెంటనే మాట్లాడింది. "కింద ఈది కుళాయికి నీలొదిలేసినారు. బిందెలట్టుకుని బేగెల్లండి. మూడో ఈదోలు తొంగోండి, మీకు రేపే."

రెండు నిమిషాలకి బయట బిందెల చప్పుడు. ఎక్కణ్ణుంచో పదిమంది పరిగెత్తుకొచ్చారు. నేను కిటికీలోంచి చూసి, "అత్తా, వింటన్నారే!" అన్నాను. ఆవిడ మైకు వైపు అనుమానంగా చూసి, "ఇదేటి, నిజింగా ఇనబడతాదేటి?" అంది. వారం రోజులుగా నేను ఆడుకుంటున్నాననుకుందట.

నెల తిరక్కుండా నాలుగు వీధుల్లో అయిదున్నరకల్లా రేడియో ముల్లు కుడి చివరికి వచ్చేసేది. ముందు కుళాయి వార్తలు. తర్వాత ఏ వలల్లో చేపలు పడ్డాయో, ఎవరి కోడి తప్పిపోయిందో, తగరపువలస సంతకి వెళ్ళే లారీలో చోటుందో లేదో. ఆ తర్వాత ఆవిడ నోటికొచ్చినది. "రెండో ఈదిలో ఎర్రగళ్ళ లుంగీ వారం బట్టీ ఆరతానే ఉంది. దాని బాబెవరో గాని, ఇయాలేటి కట్టుకున్నారో?" అనేది. మా ఇంట్లో రెండు మాటలకి మించి మాట్లాడని మనిషి, గడియ పెట్టిన గదిలో కూచుని వీధి వీధంతటినీ నవ్వించేది.

గొంతు ఎవరిదో ఎవరూ పట్టుకోలేకపోయారు. ఆ టెలిఫోన్ మైకులో ఎవరు మాట్లాడినా ముక్కుతో మాట్లాడినట్టే ఉంటుంది, అది ఒక కారణం. అసలు కారణం వేరు. మా వీధిలో మా అత్త గొంతు తెలిసినవాళ్ళే లేరు. ఆవిడతో ఎవరు మాట్లాడారు గనక?

ఇందులో నన్ను పొట్టచెక్కలయ్యేలా నవ్వించింది పక్కింటి ఫోర్‌మన్‌గారు. ఆయనకి ఆ గొంతు అచ్చొచ్చిందట. ఆ గొంతు విని వెళ్ళినరోజు ఫ్యాక్టరీలో ఏ గొడవా ఉండటం లేదట. అది వినకుండా గుమ్మం దిగడం మానేశాడు. మొహం కనపడితే వెనక్కి తిరిగే మనిషే, గొంతు వినపడకపోతే కదలడం లేదన్నమాట. మా అత్తకి ఈ సంగతి చెబితే మర్నాడు మైకులో, "ఒకసారి బయల్దేరి, ఇంట్లోకెల్లి, మల్లీ బయల్దేరే బాబులు బేగి తెమలండి, బస్సు మీకోసం రెండుసార్లు రాదు" అంది. గోడ అవతల ఆయన పగలబడి నవ్వడం మాకు వినబడింది. అది ఇంకెవర్నో అన్నదనుకున్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

తీగ మా పెరట్లో ఉంది కాబట్టి మిషను నాదేనని అందరూ పసిగట్టారు. ఆవిడెవరని ఒకరోజు ఫోర్‌మన్‌గారు నన్ను దారిలో ఆపి అడిగాడు. నా నోటికి అడ్డూ ఆపూ ఎప్పుడూ లేవు. "మహారాణిపేట వైపు పెద్ద ఆఫీసరుగారి భార్యండి. ఈ సంగతి బయటికి రాకూడదు. అయిదుగురు పిల్లలు, పచ్చటి మనిషి, ఇంత బొట్టు" అని వేలితో చూపించాను. ఆయన చేతులు రెండూ జోడించాడు. ఇంటికొచ్చి అత్తకి చెబితే, "అయిదుగురేటి సచ్చినోడా! నాకు తీరికెప్పుడు దొరికినాదిరా?" అని నా వీపు మీద ఒక్కటేసింది.

ఒక్కటి మాత్రం అత్తకీ నాకూ తెలుసు. ఆ గొంతు ఎవరిదో తెలిసిన రోజున నాలుగు వీధుల్లోనూ రేడియోలు కట్టేస్తారు. అత్త మళ్ళీ అదే గదిలో, అదే గడియ వెనక బియ్యంలో రాళ్ళేరుకోవాలి. ఆవిడకి రోజు మొత్తంలో ఆవిడదంటూ ఉన్నది ఆ గంట ఒక్కటే. నా ఉద్యోగం పోవడం సంగతి ఆ రోజుల్లో నాకు రెండో భయమే.

ఏడాది గడిచింది. ఒక సాయంత్రం ఫోర్‌మన్‌గారు అరిటిపళ్ళు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కూతురి పెళ్ళి కుదిరింది. "బాబూ, మీరొక సాయం చేసిపెట్టాలండి. పెళ్ళి పసుపు దంచేటప్పుడు మొదటి రోకటిపోటు ఆ మహాతల్లి చేత వేయించాలని మా ఇంటిల్లిపాదీ అనుకున్నామండి. అలాంటి ముత్తైదువ చెయ్యి పడితే మా పిల్ల సంసారం చల్లగా ఉంటుందండి. మీరు కాదనకూడదు" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకు మొదటిసారి నా నోటిమీద అసహ్యం వేసింది.

బావా నేనూ కూచుని బుర్రలు బద్దలుకొట్టుకున్నాం. ఆఫీసరుగారికి బదిలీ అయిపోయిందని చెబుదామన్నాను. "అలాగైతే రేపు మైకులో మాటాడేది ఎవుర్రా?" అన్నాడు వాడు. ఇంకో ఉపాయం చెప్పాడు. వాళ్ళావిడకి పట్టుచీర కట్టి, ఇంత బొట్టు పెట్టి ఆఫీసరు భార్యగా తీసుకెళ్ళిపోదామన్నాడు. ఆవిడ గొంతు అవతలి వాలంతటికీ బాగా తెలుసు, కొత్త చొక్కా దగ్గర్నించీ. ఆ సంగతి వాడికి గుర్తులేదు.

అత్త వంటగది గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నవ్వలేదు. "అబద్దం ఆడినోడివి నువ్వు. రోకలి మోయాల్సింది నాను" అంది. ఆ పెళ్ళికూతుర్ని చిన్నప్పుడు ఈవిడే పెరటి గోడ మీంచి అందుకుని జామకాయలు పెట్టేది. "ఆ పిల్ల పెల్లికి అబద్దపు సెయ్యి ఎట్టనురా. సెప్పీత్తాను."

"చెప్పకత్తా. చెబితే అంతా అయిపోతాది."

"ఏటయిపోతాది? తలుపేసీత్తారు. ఏసే ఉంది గదా."

మర్నాడు ముందు కుళాయి వార్తలు చెప్పింది. ఏ వీధికి ఎప్పుడో, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. ఆ తర్వాత గొంతు మార్చకుండా అంది. "మా పక్కింటి బాబు కూతురికి పెల్లి. సల్లగుండాల. నన్ను పసుపు దంచడానికి రమ్మన్నారు. నాను రాను బాబూ. నాకు మొగుడు నేడు, పోయి పద్దెనిమిదేల్లయినాది. ఆఫీసరూ నేడు, పిల్లలూ నేరు, అయ్యన్నీ మా అల్లుడు అల్లినాడు. తవరు పొద్దుటేల నన్ను సూసి ఇంట్లోకెల్లి మంచినీల్లు తాగుతారే, ఆ మనిసిని నానే." మైకు ఇచ్చేస్తుందేమోనని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. "దర్జీ కొట్టుకాడ ఎవుల్దో మేకపిల్ల కట్టీసుంది. ఇడిపించుకోండి. ఇయాల్టికింతే."

గోడ అవతల రేడియో టక్కున ఆగిపోయింది. కొండ అవతల బావ మిషనులో ఇంకా కోళ్ళే అరుస్తున్నాయి. ఆ రోజు ఫోర్‌మన్‌గారు వీధిలోకి రాలేదు. యాభై దాటిన మనిషి, టిఫిన్ క్యారియర్ పళ్ళతో పట్టుకుని పెరటి గోడ దూకి బస్సుకి వెళ్ళాడు. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది, ఏం చెయ్యను.

అయితే మర్నాడు నేను అనుకున్నది జరగలేదు. అయిదున్నరకి సెల్లులు బిగించి మైకు సిద్ధం చేసి చూస్తే గదిలో అత్త లేదు. గడియ తీసి ఉంది. వీధిలోకి పరిగెత్తాను. ఆవిడ బిందె చంకన పెట్టుకుని కుళాయి వైపు వెళ్తోంది. ఏడేళ్ళ తర్వాత ఆ గంటలో ఆ వీధిలో. ఫోర్‌మన్‌గారు గేటు తీశాడు, చూశాడు, ఖాళీ బిందె కూడా చూశాడు, వెనక్కెళ్ళాడు. నీళ్ళు తాగి మళ్ళీ వచ్చేసరికి ఆవిడ నిండు బిందెతో తిరిగొస్తోంది. పాపం ఆయనకి ఊపిరాడలేదు. నిండు బిందె ఎదురైతే శుభం. మోసుకొస్తున్నది చూస్తే ఆ మనిషి. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు వీధిలో పెట్టి బిందెనీ మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. ఈలోగా బస్సు వెళ్ళిపోయింది.

కుళాయి దగ్గర ఇద్దరు ముగ్గురు పక్కకి జరిగారు. ఒకావిడ మాత్రం జరగలేదు. "పిన్నీ, రేపు మా ఈదికొస్తాయేటి నీలు?" అని అడిగింది.

అత్త మీద నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. "నాలుగు వీధులు కాచుక్కూచుంటే నువ్వు బిందె పట్టుకుని వెళ్ళిపోతావా? వార్తలెవరు చెప్తారు?" అని అరిచాను. "నువ్వు సెప్పు. ఎక్కాలొచ్చుగదా" అని పొయ్యి దగ్గరికెళ్ళిపోయింది. నేను చెప్పాను. ఎవరూ వినలేదు. మూడో రోజు ఆ ఖాళీ గదిలో మైకు పట్టుకుని కూచున్నప్పుడు నాకు బుద్ధొచ్చింది. అత్తకి నేనొక లోకాన్ని ఇచ్చానని ఏడాదిపాటు రొమ్ము విరుచుకుని తిరిగాను. నేను చేసిందల్లా ఆ గదిలో ఆవిడకి కాలక్షేపం పెట్టడం. గడియ తీద్దామని నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు. వీధంతా కలిసి ఆవిణ్ణి లోపల కూచోబెడితే, నేను ఆ కూచోవడాన్ని సుఖంగా చేశాను. సిగ్గేసింది.

ఆ వారంలోనే పెళ్ళి పసుపు దంచారు. ఇంకెవరో ముత్తైదువ దంచింది. మమ్మల్ని పిలవలేదు. రోకలి చప్పుడు గోడలోంచి వినబడుతుంటే అత్త పొయ్యి ఊదుకుంటూ కూచుంది.

తర్వాత రెండు రోజులకి, ఆరు దాటగానే, ఫోర్‌మన్‌గారు క్యారియర్ పట్టుకుని మా గుమ్మంలోకే వచ్చాడు. అత్త అప్పుడే బిందె తీస్తోంది. ఆయన నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "అమ్మా, మీరు మాట్లాడక ఇన్ని రోజులైందండి. తెల్లారినట్టే ఉండటం లేదండి. మా ఆవిడా అదే అంటోంది. మళ్ళీ చెప్పండమ్మా."

"గదిలో కూకుంటేనే గదా బాబూ అది" అంది అత్త.

ఆయన క్యారియర్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"డూటీకేనా బయల్దేరినారు?"

"అవునండి."

"మరి ముందుగాల నా గుమ్మంలోకే వచ్చీసినారు. సూసుకున్నారా?"

ఆయనకి అప్పుడు వెలిగింది. మొహం పాలిపోయింది. రోడ్డు చివర బస్సు హారన్ మోగింది. తన ఇంటి వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూశాడు. తర్వాత తలెత్తి, పదకొండేళ్ళుగా పక్కింట్లో ఉంటున్న మనిషిని మొదటిసారి నిదానంగా, నిండుగా చూశాడు.

"చూశానండి" అన్నాడు. క్యారియర్ చంకలో పెట్టుకుని బస్సు కోసం పరిగెత్తాడు.

అత్త బిందె కింద పెట్టేసింది. మెట్టు మీద, వీధికి ఎదురుగా, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేటట్టు కూచుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. బిందె తీసుకుని కుళాయికి నేనే వెళ్ళాను. మగాడు నీళ్ళకొచ్చాడని ఆడవాళ్ళు నవ్వుతుంటే వరసలో చివర నిలబడ్డాను.